ఎవరి చేతి విత్తు?

"క్షమించాలి. ఈ చేయి రైతుది కాదు" అంది మిషన్.

గొంతు మాత్రం ఆడగొంతే, తేనె పూసినట్టుంది. ఓపిగ్గా చెయ్యాల్సిన పనులన్నిటికీ ఆడగొంతు తగిలించే అలవాటు ఆ కాలంలో కూడా పోలేదు. మిగతావి చాలానే మారాయి. మండల కేంద్రానికి వచ్చే బస్సులో డ్రైవరు లేడు, ఆడవాళ్ల సీట్లో మగవాడు మాత్రం ఉన్నాడు. మార్కెట్ యార్డు గేటు పక్కన విత్తనాల దుకాణాలు ఎత్తేసి, బీరువాల్లాంటి తెల్లటి మిషన్లు ఆరు నిలబెట్టారు.

స్రవంతి అరచేతిని కొంగుకు తుడుచుకుని మళ్లీ గాజుపలక మీద పెట్టింది. మిషన్ మళ్లీ అదే మాట అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, "స్రవంతక్కా, మిషన్‌కు నువ్వు నచ్చలేదే" అన్నాడు.

ఆమె అడిగింది పావుకిలో మక్కలు. ఇంటి వెనక గుంట పెరడుకు అంతకంటే అక్కర్లేదు. ఆ పెరట్లో ఏం వెయ్యాలో ఆమె ఎవరినీ అడగదు. శ్రావణం నుంచి దసరా దాకా అక్కడి కంకుల్ని కోసి, రోడ్డు మీద బొగ్గుల కుంపటి పెట్టుకుని, ఉప్పూ కారం నిమ్మకాయ రాసి కాల్చి అమ్ముతుంది. ఊళ్లో ఆమెకంటూ ఉన్నవి ఆ గుంటెడు నేల, ఆ కుంపటి. మృగశిర కార్తెలో విత్తు పడకపోతే కుంపటి వెలగదు.

దుకాణాలున్న రోజుల్లో నాలుగు కిలోల సంచి తప్ప దొరికేది కాదు. సంచి విప్పి పావుకిలో ఇవ్వమంటే దుకాణాయన, "ఇదేమన్న కారప్పొడా అక్కా, పొట్లం కట్టనీకి?" అనేవాడు. ఏటా ఎవరి సంచిలోంచో మిగిలిన గింజలు అడుక్కోవాల్సి వచ్చేది. అందుకే 'ఒక్క గింజైనా సరే అమ్ముతాం' అని కొత్త మిషన్ల గురించి ఫోన్లో ప్రకటన వచ్చినప్పుడు మండలంలో అందరికంటే ఎక్కువ సంతోషించింది స్రవంతే. గింజ ఎంత చిన్న లెక్కకైనా దొరుకుతుంది గానీ, కొనే మనిషి లెక్కలో ఉండాలని ఆ ప్రకటనలో చెప్పలేదు.

చివరికి ఆమె భర్త లింబాద్రి బీడీ ఆర్పేసి వచ్చి తన చెయ్యి పెట్టాడు. ఆరు సెకన్లు పట్టింది. "నమస్కారం, రైతు సోదరా" అంది మిషన్. పొలానికి రెండు సంచులు, పెరడుకు పావుకిలో పొట్లం బయటికొచ్చాయి. పొట్లం మీద పెద్దక్షరాలతో 'మీ చేతులతోనే నాటండి' అని రాసి ఉంది. లింబాద్రి అది చదివి, మర్యాదగా రాశారనుకుని ముచ్చటపడ్డాడు.

ఆ మిషన్ చేసే పని ఇది. మనిషి అరచేతి చెమటలో నూనెలు, లవణాలు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. వాటి పాళ్లు ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. గాజుపలక ఆ పాళ్లను చదువుతుంది. చదివి, అప్పటికప్పుడు గింజ చుట్టూ వెంట్రుకలో పదోవంతు మందం పొర ఒకటి అచ్చువేస్తుంది. ఆ పొర తాళం. కొన్నవాడి చెయ్యి తాళంచెవి. ఆ చెయ్యి తాకితే పొర మెత్తబడి, మట్టిలో తడి తగలగానే కరిగిపోతుంది. తాకకపోతే ఎన్ని వానలు పడ్డా గింజలోకి చుక్క నీరు దిగదు. దీనికి 'బీజముద్ర' అని పేరు పెట్టారు.

ఉద్దేశం మంచిదే. నకిలీ విత్తనాలతో ఊళ్లకు ఊళ్లు మునిగిపోయిన ఏళ్లున్నాయి. ముద్ర వేసిన విత్తనాన్ని దళారి దాచలేడు, కల్తీ చెయ్యలేడు, మారుబేరానికి అమ్మలేడు. అందుకే చట్టం చేసి మరీ తెచ్చారు. చేయి తాకాలి కాబట్టి ట్రాక్టరుకు కట్టే సీడ్ డ్రిల్లులు పనికిరాకుండా పోయాయి. డ్రిల్లులు షెడ్డెక్కాయి. ఆడవాళ్లు మళ్లీ సాలెక్కారు.

ఎందుకంటే ఆ ఊళ్లో, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా, మగవాడు సాలు తోలుతాడు, ఆడది వెనక నడుస్తూ విత్తు వేస్తుంది. ఒడిలో గింజలు పోసుకుని, నడుం వంచి, జానెడుకొకటి చొప్పున మధ్యాహ్నం దాకా అలా వేస్తూనే ఉంటుంది. డ్రిల్లులున్న రోజుల్లో కూడా మొదటి పిడికెడు మాత్రం చేతివాసి ఉన్న ఆడమనిషితో వేయించేవాళ్లు. ఊళ్లో అందరికంటే మంచి చేతివాసి స్రవంతిదని పేరు. ఇరవై ఎకరాల ఆసామి భూపతి కూడా ఆమెకు కబురు పెట్టి, ఆమె పిడికెడు వేశాకే తక్కిన కూలీల్ని దించేవాడు.

ఆ ఏడు మృగశిర మొదటి వానకే అందరూ దున్నారు. మగవాళ్లు సంచి మూతి చింపి గింజల్ని ఆడవాళ్ల ఒళ్లోకి గుమ్మరించారు. స్రవంతి ముందు భూపతి చేలో, తర్వాత తమ చేలో, సాయంత్రం తన పెరట్లో విత్తు వేసింది.

అయిదో రోజుకు మొలక రావాలి, రాలేదు. ఏడో రోజు రెండో వాన పడింది, అయినా రాలేదు. తొమ్మిదో రోజు స్రవంతి పెరట్లో వేలితో మట్టి గీకి ఒక గింజను బయటికి తీసింది. కుళ్లలేదు, ఉబ్బలేదు, చీమ కూడా ముట్టలేదు. కడిగితే గాజుపూసలా మెరిసింది.

పాల కేంద్రం దగ్గర మగవాళ్లు పోగయ్యారు. ఎవరి చేలో చూసినా ఇదే కథ. గింజలో తప్పుంటే కంపెనీని అడగాలి, కంపెనీ దూరంలో ఉంది. స్రవంతి ఇల్లు దగ్గర్లో ఉంది. మాట మొదలెట్టింది భూపతి.

"స్రవంతి చెయ్యి మునుపటి లెక్క లేదు. ఎవలి చేన్ల ముట్టిందో ఆ చేను పోయింది" అన్నాడు.

ఆమె ముట్టని చేలు కూడా పోయాయి కదా అని ఎవరికీ తోచలేదు. లింబాద్రి అక్కడే పాలక్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు, నోరు విప్పలేదు. ముప్పై ఏళ్లు పండినప్పుడు పంట భూపతిది. ఒక్క ఏడు పోయేసరికి చెయ్యి స్రవంతిదైంది.

ఆ మాట ఆమె దాకా రావడానికి పూట పట్టలేదు. పక్కింటి సత్తెమ్మ చిక్కుడు గింజలు పెట్టించుకోవడానికి ఏటా ఆమెనే పిలిచేది. ఆ రోజు గోడ అవతల సత్తెమ్మ తనే గింజలు పెట్టుకుంటూ, స్రవంతి కనబడగానే గింజల మీద కొంగు కప్పింది. స్రవంతి వెనుదిరిగింది. లోపలికెళ్లి తన కుడిచేతిని వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది. తనకే అనుమానం వచ్చినందుకు తన మీద తనకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆమె భర్త చేనుకు పోయి గట్టు వెంట నడిచింది. నేలంతా ఎర్రగా, బోసిగా ఉంది. ఒక్కచోట, గట్టు మూల, పదీ పదిహేను మక్కమొలకలు గుత్తిగా ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచి ఉన్నాయి. విత్తిన రోజు అక్కడ సంచి చింపుతుంటే లింబాద్రి చేతిలోంచి గింజలు జారిపోయాయి. అతను వాటిని ఎత్తకుండా చేత్తోనే మట్టిలోకి తోసేశాడు. అవి అక్కడే ఉండిపోయాయి. స్రవంతి ఆ గుత్తి పక్కన చాలాసేపు గొంతుక్కూర్చుంది.

బీజముద్ర సంస్థ ఒక సైంటిస్టును పంపించింది. ఆమె పేరు డాక్టర్ హేమలీల. ముప్పై అయిదేళ్లుంటాయి, బురదలో దిగడానికి వెనకాడని మనిషి. మూడు రోజులు చేను చేను తిరిగింది. మట్టి పరీక్షించింది, తేమ కొలిచింది, మగవాళ్ల అరచేతుల చెమటను గాజుపట్టీల మీద తీసుకుంది. ప్రతి రైతునూ ఒకే ప్రశ్న అడిగింది, విత్తనం మీరే నాటారా అని. ప్రతి రైతూ ఒకే జవాబు చెప్పాడు. నేనే ఏసిన, మేడం.

అబద్ధమాడుతున్నామని వాళ్లలో ఒక్కడికీ అనిపించలేదు. ఇల్లు నేనే కట్టిన అంటాడు మేస్త్రీకి పని ఒప్పజెప్పినవాడు. విత్తు నేనే ఏసిన అంటాడు పెళ్లాం ముందు సాలు తోలినవాడు. హేమలీల తన పలక మీద 'రైతు స్వయంగా నాటెను' అనే గడిలో డెబ్భై రెండు టిక్కులు పెట్టింది. చేతులూ గింజలూ సరిపోతున్నాయి, మొలకలు మాత్రం లేవు. ఆమెకు నిద్ర కరువైంది.

నాలుగో రోజు చివరగా స్రవంతి పెరడు చూడ్డానికి వచ్చింది. లింబాద్రి కుర్చీ వేశాడు. ఆమె అదే ప్రశ్న అడిగింది.

"నేనే ఏసిన, మేడం" అన్నాడు లింబాద్రి.

గడపలో నిలబడ్డ స్రవంతికి నవ్వొచ్చింది. హేమలీల తలెత్తి ఎందుకు నవ్వుతున్నారని అడిగింది.

"ఈయన ఈ పెరట్ల అడుగు పెట్టి రెండేండ్లాయె బిడ్డా. అప్పుడన్న పాము వచ్చిందని కట్టె పట్టుకొని వచ్చిండు. దాన్ని కూడా నేనే కొట్టిన."

లింబాద్రి ముఖం మాడ్చుకున్నాడు. "అట్ల గాదు మేడం. నేనేసిన అంటే మా ఇంటామె ఏసినట్టే గద. ఎవలకు తెల్వదది?"

హేమలీల చేతిలో పెన్ను ఆగిపోయింది. పొలంలో ఎవరు వేశారని అడిగింది. ఆమే అన్నాడు. భూపతి గారి పొలంలో? ఆమే, ఇంకో పది మంది ఆడోళ్లు. ఊరంతా? లింబాద్రి ఈ చదువుకున్నామెకు ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు.

"మగోడు ఇత్తు ఏస్తడా మేడం ఎక్కడన్న?" అన్నాడు.

"పొట్లం మీద మీ చేతులతోనే నాటండి అని రాశాం కదా!"

"అవ్, చదివిన. మా చేతులంటే…" అని ఆగిపోయి, భార్య చేతుల వంక చూశాడు.

స్రవంతి లోపల్నుంచి రెండు స్టీలు పళ్లేలు తెచ్చింది, ఇలాంటిదేదో అవసరం పడుతుందని ముందే అనుకున్నట్టు. పొట్లంలో మిగిలిన గింజల్ని హేమలీల పట్టుకారుతో రెండు వాటాలు చేసింది. ఒక వాటాను లింబాద్రి అరచేతిలో నలిపాడు, ఇంకో వాటాను స్రవంతి నలిపింది. రెండు పళ్లేల్లోనూ నీళ్లు పోశారు. గంట గడిచేసరికి లింబాద్రి పళ్లెంలో నీళ్లు జిగటగా, తెల్లగా మారాయి. స్రవంతి పళ్లెంలో గింజలు గాజుపూసల్లా అలాగే మెరుస్తున్నాయి.

"మా ట్రయల్ ప్లాట్లలో నూటికి తొంభై ఎనిమిది మొలిచాయి" అంది హేమలీల, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఎందుకు మొలవవు? ట్రయల్ ప్లాట్లకు 'రైతు సోదరులకు ఆహ్వానం' అని కార్డులు వెళ్లాయి. సోదరులు ఇస్త్రీ బట్టల్లో వచ్చారు, కెమెరా ముందు తలా నాలుగు సాళ్లు వంగారు, భోజనాలు చేసి వెళ్లారు. ఆ ఒక్కరోజే వాళ్లు జన్మలో విత్తు వేసింది. ఆ ఒక్కరోజునే సైన్సు లెక్కలోకి తీసుకుంది.

స్రవంతి పళ్లెం పక్కన కూర్చుంది. "బిడ్డా, ఈ గింజ మీద పొర కనిపెట్టింది ఎవలు?"

"నేనే. ఆరేళ్లు పట్టింది."

"మరి మిషన్ మీద ఎవల పేరున్నది?"

హేమలీల పట్టుకారు కింద పెట్టింది. "మా డైరెక్టర్ గారిది."

"ఆయన కూడా నేనే కనిపెట్టిన అంటడా?"

హేమలీల రెండో పళ్లేన్ని తన ముందుకు జరుపుకుంది.

"నీ ఆఫీసుల జరిగేదే మా చేన్ల జరిగింది. వేరేటోళ్లకు తెల్వకపోతే తెల్వకపాయె. నువ్వన్న ఎట్ల మర్చిపోయినవు?" అంది స్రవంతి. కోపం ఉంది, కానీ అంతా హేమలీల మీద కాదు. ఆ పిల్ల కళ్లు దించుకుని రెండో పళ్లెంలో గింజల్ని ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చుంది.

ఊరి నోరు ఒక్కరోజులో మూతపడింది. చేతివాసి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు, క్షమించమని కూడా ఎవరూ అడగలేదు. సత్తెమ్మ మాత్రం గోడ మీంచి గిన్నెడు చిక్కుడు గింజలు చాపి, మొన్న పెట్టినవి మొలవలేదు, మళ్లీ పెట్టిపో అంది. అవి ముద్ర లేని మామూలు గింజలే. మధ్యాహ్నం పూట పడుకుని నీళ్లు పొయ్యడం మర్చిపోయింది సత్తెమ్మ, అంతే. స్రవంతి వెళ్లి పెట్టి వచ్చింది.

హేమలీల రాజధానికి వెళ్లి, ఆడవాళ్ల అరచేతుల్ని కూడా రైతు రిజిస్టర్‌లో ఎక్కించాలని నివేదిక ఇచ్చింది. మిషన్‌కు అది నిమిషం పని. డైరెక్టర్ నివేదికను శ్రద్ధగా చదివి, టెక్నికల్‌గా బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నాడు. కానీ రైతు అని రాస్తే రైతుకు రావలసినవన్నీ ఇవ్వాలి కదమ్మా అన్నాడు. బీమా, నష్టపరిహారం, రేపు పట్టాలో పేరు. అంత పెద్ద మాటను రిజిస్టర్‌లో ఎక్కించే అధికారం ఎవరికీ లేదన్నాడు. అదే సమయంలో ఆరుద్ర కార్తె దాటిపోతోంది, రెండోసారి విత్తు పడకపోతే ప్రభుత్వానికే ముప్పు.

ఆడవాళ్ల దరఖాస్తులు ఏళ్ల తరబడి కదలని ఆ ఆఫీసులో నాలుగు రోజుల్లో దారి దొరికింది. రిజిస్టర్‌లో ప్రతి రైతు పేరు కిందా ఒక గడి ఉండేది. సీడ్ డ్రిల్లులు షెడ్డెక్కినప్పటి నుంచీ అది ఖాళీగా ఉంది. ఆడవాళ్లను అందులో ఎక్కించారు, ఇకమీదట ముద్ర వాళ్ల చేతికీ విచ్చుకుంటుంది.

పట్టాదారు: లింబాద్రి. అనుబంధ పరికరం ఒకటి: స్రవంతి. రకం: చేతి విత్తు సాధనం.

పంచాయతీ ఆఫీసులో ఆడవాళ్లంతా వరసగా నిలబడి అరచేతులిచ్చారు. గుమాస్తా విషయం చదివి చెప్పాడు. వినగానే సత్తెమ్మ, "మరి ఆయిల్ ఎప్పుడు పోస్తరు సారూ?" అంది. అందరూ నవ్వారు. నవ్వని మనిషి స్రవంతి ఒక్కతే. పరికరాలకేమన్నా రూల్స్ ఉన్నాయా అని గుమాస్తాను అడిగింది. ఉన్నాయన్నాడు. చదవమంది.

అతను కంప్యూటర్లో వెతికి చదివాడు. డ్రిల్లుల కోసం ఎప్పుడో రాసిన రూల్సు, ఎవరూ మార్చలేదు. పరికరానికి రోజుకు ఎనిమిది గంటలు మించి పని పెట్టరాదు. పరికరాన్ని కొట్టి పాడుచేస్తే యజమానికి జరిమానా. ప్రతి సీజను ముందు పరికరం సరిగా గింజ విడుస్తోందో లేదో పరీక్షించాలి. అందుకు పరికరం పేరున పావుకిలో మక్కలు ఉచితం. వాటిని పరికరం నిలిపే చోటనే నాటవలెను.

"పరికరం నిలిపే చోటంటే?" అంది స్రవంతి.

"అదే… ఇల్లు, దొడ్డి" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

మనిషిగా మిషన్ ముందు నిలబడి అడిగితే దొరకని పావుకిలో మక్కలు పరికరంగా మారగానే ఇంటికొచ్చాయి. ఆమె వాటిని తీసుకుంది. వద్దని విసిరికొట్టి ఆత్మాభిమానం చూపించుకోవచ్చు, కానీ ఆత్మాభిమానాన్ని కుంపటి మీద కాల్చి అమ్మలేరు. పెరట్లో నాటింది. అయిదో రోజున గుంటంతా పచ్చగా లేచింది. ఆ ఏడు దసరా దాకా రోడ్డు మీద కంకులు కాల్చింది. బస్సు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు, మీ ఆయన మంచి మక్క పండించిండే అని మెచ్చుకునేవాళ్లు. ఆమె వాళ్లకు కారం రెండింతలు పూసిచ్చేది.

మరుసటి వేసవిలో పరికరాల రెన్యువల్ ఫారం వచ్చింది. లింబాద్రి అరుగు మీద కూర్చుని ఫోన్లో నింపుతున్నాడు. ఈ ఏడాదిగా అతను కొంచెం నెమ్మదించాడు. ఒకటి రెండుసార్లు, ఎవరేశారని అడిగితే, మా ఇంటామె అని చెప్పాడు కూడా. ఫారంలో తయారైన సంవత్సరం అడిగితే భార్య పుట్టిన సంవత్సరం రాశాడు. పనితీరు అంటే 'మంచిది' అని రాసి, ఆమె వంక దొంగచూపు చూసి, 'చాలా మంచిది' అని దిద్దాడు. తర్వాతి గడి దగ్గర ఆగిపోయాడు.

"తయారుచేసినవారి పేరు అడుగుతున్నది. ఖాళీగ ఇడిస్తే ముందుకు పోతలేదు. ఏం రాయాలె?"

స్రవంతి చేటలో బియ్యం చెరగడం ఆపింది.

"ముత్తవ్వ అని రాయి" అంది.

అది ఆమె తల్లి పేరు. పదేళ్ల వయసు నుంచి చనిపోయే వారం దాకా పరాయి సాళ్లలో విత్తు వేసిన మనిషి. ఓటరు లిస్టులో భర్త పేరు వెనకా, ఆస్పత్రి చీటీలో కొడుకు పేరు వెనకా తప్ప ఆమె పేరు ఏ కాగితం మీదా సొంతంగా నిలబడలేదు. లింబాద్రి ఏదో అనబోయి, అత్త పేరును తప్పుల్లేకుండా టైపు చేశాడు.

గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు కాబట్టి సత్తెమ్మ కూడా తల్లి పేరే రాయించింది. మండలంలో ఆ వారంలో అందరూ అదే చేశారు.

ఆషాఢంలో వ్యవసాయ పరికరాల శాఖ నుంచి స్రవంతి ఇంటికి ముద్ర వేసిన కవరు వచ్చింది. పైన చిరునామా 'మెసర్స్ ముత్తవ్వ' అని ఉంది. తమరు తయారుచేసిన విత్తు పరికరం నలభై ఏడేళ్లుగా విడిభాగాలు మార్చకుండా పనిచేస్తున్నట్టు మా రికార్డులు తెలుపుతున్నాయి, ఇంతటి నాణ్యత గల ఉత్పత్తిదారు మన రాష్ట్రంలో ఉండటం గర్వకారణం, ఉత్తమ తయారీ సంస్థగా తమను సన్మానించదలిచాము, తమ ప్రతినిధిని పంపగలరు అని రాశారు.

స్రవంతి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి సత్తెమ్మకు వినిపించడానికి గట్టిగా చదివి, కవరు మీది పేరును వేలితో తడిమింది.

"మా అవ్వ రైతని ఒప్పుకోనీకి సర్కారుకు ఆమె బతుకంత సాలలేదు. ఫ్యాక్టరీ అని ఒప్పుకోనీకి ఒక్క ఫారం సాలింది" అంది.

"పోతవా మరి?" అంది సత్తెమ్మ.

"ఎందుకు పోను? పోత" అంది స్రవంతి. చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ, స్టేజీ మీద మైకిచ్చినప్పుడు ఏం మాట్లాడాలో అప్పుడే అనుకోవడం మొదలుపెట్టింది.